ఛార్జి యను నొక మాట



నేడు మీతో నేను ముచ్చటింపబోవునది ఒకే యొక మాటను గూర్చి. అది తెలుగు మాట కాదు, ఇంగ్లీషు మాట. అయినను దాని నెఱుగని గడప మన యూళ్లలో లేదు. అక్షరము ముక్క రాని ముసలమ్మ బస్సెక్కినపుడు ఆ మాట ననును. పొలము గట్టున నిలిచి చేతిలోని ఫోనును చూచుకొను కుఱ్ఱవాడు ననును. న్యాయస్థానము మెట్లు దిగు వకీలు ననును. ఛార్జి యనునదే యా మాట. ఇంగ్లీషు నిఘంటువు తెఱచి చూచినచో దీనికి నామవాచకముగా కొన్ని, క్రియగా మఱికొన్ని యర్థములు వరుసగా కానవచ్చును. ఇంతకంటె నెక్కుడు అర్థములు గల మాటలు ఆ భాషలో లేకపోలేదు. పరుగెత్తుట యని మన మెఱిగిన "రన్" అను క్రియ కొక్కదానికే ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు క్రొత్త పరిష్కరణమున ఆఱువందలకు పైగా అర్థభేదములను లెక్కించినారు. కాని ఆ రన్ను మనకు క్రికెట్టు ఆటవఱకే వచ్చినది. ఛార్జి యట్లు కాదు. ఇంటిలోనికి వచ్చి, చాప పఱచుకొని కూర్చుండి, కొందఱి నేలను కూడ పట్టుకొన్నది. ఆ నేల కథ కడపట చెప్పెదను.

నేను సంస్కృతాంధ్రములు గురుముఖమున చదివి, ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై ముప్పదియేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. ఇంగ్లీషు నాకు నడివయస్సున నిఘంటువు సాయమున వచ్చిన భాష. అందుచేత ఆ భాషలోని మాట యెదురైనపుడు, చిన్ననాటినుండి అది చదివినవారివలె చూచి పోనిచ్చుట నాకు చేతకాదు. నీ వెవరవు, నీ ధాతువేది, నీ యింటిపేరేమి యని యడుగుట మా గురువులు నేర్పిన యలవాటు.

ఒకనాడు మా ఊరి రచ్చబండపై కూర్చుండి ఒక గంటకాలములో ఈ మాట నెన్ని మాఱులు వింటినో లెక్కించితిని. ఒకరు బస్సు ఛార్జీలు మఱల పెరిగినవని విసుగుకొనిరి. మఱొకరు, మన బడి పెద్దపంతులుగారు బదిలీయై పోయిరి, ఇపుడు లెక్కల పంతులుగారే ఇన్‌ఛార్జి యనిరి. పత్రిక చదువుచున్న వారొకరు, పట్టణమున లాఠీ ఛార్జి జరిగినదట, నలుగురికి తలలు పగిలినవట యనిరి. నడుమ నొక కుఱ్ఱవాడు వచ్చి, తాతా, నీ ఫోనుకు ఛార్జి లేదు, అందుకే మ్రోగలేదని చెప్పిపోయెను. చివరకు ఊరిలోని గట్టు తగవు ప్రస్తావమునకు వచ్చి, ఛార్జిషీటు వేసినారా లేదా యను చర్చ సాగెను. అయిదుగురు అయిదర్థములలో వాడిరి. ఒకరైనను, అదేమి ఛార్జి యని యడుగలేదు. బస్సు ఛార్జి పెరిగినదన్నపుడు బస్సు ఎవరినో కొట్టినదని తలచినవాడు లేడు.

అడుగకయే యెట్లు తెలిసినది? ఈ ప్రశ్నకు మన శాస్త్రములవారు ఏనాడో సమాధానము చెప్పినారు. సైంధవ మనగా ఉప్పు, సైంధవ మనగా గుఱ్ఱము. రెండును సింధుదేశమునుండి వచ్చునవే. యజమాని సైంధవము తెమ్మని సేవకున కాజ్ఞాపించెను. విస్తరి ముందు కూర్చున్నవాడు తెమ్మన్నది ఉప్పు. తలపాగ చుట్టి ప్రయాణమునకు నిలిచినవాడు తెమ్మన్నది గుఱ్ఱము. భోజనవేళ గుఱ్ఱమును తెచ్చి విస్తరి చెంత నిలిపిన సేవకునకు నిఘంటువు రాక కాదు, ప్రకరణము తెలియక. అమరసింహుడు తన కోశము మూడవ కాండమున నానార్థవర్గ మని వేఱుగా నొక వర్గమునే కూర్చెను. హరి యను మాటను చూడుడు: విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, సింహము, కోతి, కప్ప, పాము, చిలుక, ఇంకను ఎన్నియో. శంఖచక్రములతో కూడిన హరి యన్నచో కప్ప యని యెవరును తలపరు. రామలక్ష్మణు లనినపుడు రాముడు దాశరథి. రామార్జును లని పగను సూచించుచు చెప్పినపుడు ఆ రాముడు పరశురాముడు, ఆ యర్జునుడు కార్తవీర్యుడు. ఒక మాటకు ప్రక్కనున్న మాట, తోడున్న వస్తువు, పగయైన వస్తువు, సందర్భము, దేశము, కాలము, ఔచిత్యము, ఇట్టివి అర్థమును తేల్చునని వాక్యపదీయమున భర్తృహరి విచారించినాడు. రచ్చబండమీద మనవారు చేసినదియు అదియే. బస్సు సాహచర్యముచేత ఒక యర్థము, లాఠీ సంయోగముచేత మఱొక యర్థము.

అయిన ఒకటి తోచును. హరి యన్నచో విష్ణువునకును కప్పకును ఏమి చుట్టఱికము? ఛార్జి యను మాటలో రుసుమునకును, నేరమునకును, విద్యుత్తునకును, దొమ్మికిని ఏమి పొత్తు? నేను దీనిని చాలకాలము నాలుగైదు వేఱు మాటలు పొరబాటున ఒకే రూపము దాల్చినవని తలచితిని. అది నా పొరబాటు. ఇవన్నియు ఒక్క తల్లి పిల్లలు. ఆ తల్లి ఒక బండి.

పూర్వము నేటి ఫ్రాన్సు దేశమున్న చోట గాలులను జాతివారుండిరి. వారి బండిని రోమనులు తమ లాటిను భాషలో "కర్రుస్" అనిరి. బండి కెత్తుట, అనగా బరువు నింపుట, లాటిను తరువాతి దశలో "కర్రికారె" అయ్యెను. అది ప్రాతకాలపు ఫ్రెంచిభాషలో అరిగి "ఛార్జియే" వంటి మాటయై, 1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును గెలిచిన పిమ్మట వారి వెంట సముద్రము దాటి, 13వ శతాబ్దమునకు ఇంగ్లీషున చేరెను. కనుక ఛార్జి యనగా మూలార్థము బండిమీది బరువు. నేడు మీ వీథిలో దుమ్ము లేపుచు పోవు కారును దీని తోబుట్టువే. ఓడలో నెత్తు సరకును చెప్పు కార్గో యను మాట స్పెయినువారి నోట నుండి వచ్చిన మఱొక సోదరుడు. పొలమునకు అన్నము పంపు గిన్నెల క్యారియరు కూడ ఆ యింటిదే. పత్రికలలో ముక్కు మూరెడు సాగదీసి నాయకుల బొమ్మ వేయుదురే, ఆ క్యారికేచ రను మాట ఇటలీవారు "అతిభారము వేసిన బొమ్మ" యను భావముతో కల్పించినది. బండి ఒకటి యెన్ని యూళ్లు తిరిగినదో చూడుడు.

(ఇచట నొక చిన్న మాట. మనము దీనిని వత్తుతో ఛార్జి యని వ్రాయుదుము. ఇంగ్లీషువారి పలుకున మనము వత్తక్షరమున కిచ్చునంత యొత్తిడి లేదు. తెలుగు మాటలలో చాప, చాలు అనునపుడు చకారము దంత్యముగా పలుకును గదా. ఆ పలుకు రాకుండుటకై మనవారు వత్తు చకారమును పట్టుకొనిరని నా యూహ. తప్పనుటకు వీలులేని తప్పు.)

బరువు అను మూలము తెలిసినచో తక్కిన దంతయు తాళము తీసినట్లు తెఱచుకొనును. బండిలో సరకు వేయుట ఛార్జి. తుపాకిలో మందు వేయుటయు ఛార్జియే. బావి త్రవ్వునపుడు బండ అడ్డుపడినచో రాతికి తూటు పెట్టి మందు దట్టింతురు గదా, ఆ దట్టించిన మందు మోతాదునకు ఇంగ్లీషున నేటికిని ఛార్జి యనియే పేరు.

విద్యుత్తునకు ఈ మాట అంటినది 18వ శతాబ్దమున. 1746వ సంవత్సర ప్రాంతమున హాలెండు దేశమున లైడెను నగరమునందు ఒక గాజుజాడీలో విద్యుత్తును నిలువ చేయు నుపాయము కనుగొనిరి. తాకినవానిని అది ఎగురగొట్టెడిది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమందు బెంజమిన్ ఫ్రాంక్లి నను మేధావి ఆ జాడీలతో ప్రయోగములు చేయుచు, విద్యుత్తు ఒక ద్రవమువంటి దనియు, జాడీలో ఆ ద్రవము నెక్కించుట తుపాకిలో మందు దట్టించుట వంటి దనియు భావించి, ఛార్జి యను మాటను వాడెను. అట్టి జాడీలను వరుసగా కలిపినపుడు దానికి బ్యాటరీ యనెను. అదియు ఫిరంగులవారి మాటయే, ఫిరంగుల వరుసకు బ్యాటరీ యని పేరు. నేడు ఫ్యానుగాలి క్రింద కూర్చుండి బ్యాటరీ ఛార్జి యైనదా యని యడుగువాడు ఫిరంగులనును తుపాకిమందునును పలుకుచున్నా డన్నమాట. విద్యుత్తు ద్రవము కాదని పిదప తేలినది. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనెను. మీ ఫోనులోని బ్యాటరీని గోడకు తగిలించినపుడు దానిలోనికి క్రొత్తగా విద్యుత్తు వచ్చి మిగిలిపోదు; లిథియము కణములు ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు మరలింపబడి, మఱల తిరిగివచ్చుటకు సిద్ధముగా నుండును, అంతియే. గుండుమీద రాయిని కొండ యెక్కించి నిలిపినట్లు. కాని మాట మాత్రము ఫ్రాంక్లిను నాటిదే నిలిచినది. శాస్త్రము మాఱినను మాట మాఱుట యరుదు.

ఫోనును గూర్చి మఱొకటి. ఛార్జింగు వేఱు, రీఛార్జి వేఱు. మొదటిది కరెంటు, రెండవది డబ్బు. మా యింటి ప్రక్కనున్న పెద్దాయన ఫోనుకు రీఛార్జి చేయింపుమని మనుమని చేతికి రెండువందలిచ్చెను. వాడు ఫోనును గోడకు తగిలించి, డబ్బుతో సినిమాకు పోయెను. తాతకు ఇచట శబ్దజ్ఞాన మున్నది. వానికి దుర్బుద్ధి యున్నది. అది వేఱు విషయము. మన వ్యవసాయశాఖవారు భూగర్భజలము రీఛార్జి యగుటకు గుంటలు త్రవ్వుడని చెప్పుదురు. నేలలో నీటిని మఱల నింపుట యని వారి భావము. దీనికి మనకు "ఇంకుడు గుంట" యను చక్కని మాట కలదు. అది యుండగా ఈ రీఛార్జి గుంట యెందులకో నాకు తెలియదు.

ఇక దొమ్మి. పూర్వము గుఱ్ఱపు దళమువారు ఈటెను బిగించి, శత్రువుపైకి గుఱికి నిలిపి, ఒక్కుమ్మడి దూకెడివారు. ఆయుధమును దాడికి సిద్ధపఱచుటయు, ఆ దాడియు ఛార్జి యయ్యెను. 1854వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన క్రిమియా యుద్ధములో బలక్లావా చెంత బ్రిటిషువారి గుఱ్ఱపు దళ మొకటి, ఆజ్ఞను అర్థము చేసికొనుటలో జరిగిన పొరబాటున, ఎదుటి ఫిరంగులమీదికి సూటిగా దూకి నాశన మయ్యెను. టెన్నిసన్ కవి దానినే పద్యముగా వ్రాసెను. మాట యర్థము తప్పినచో ఎంత ముప్పు వచ్చునో తెలుపుటకు ఆ యుద్ధము చాలును. మన దేశమున గుఱ్ఱము పోయి లాఠీ వచ్చినది. లాఠీ ఛార్జి యను జంటపదము హిందూస్థానపు గడ్డమీద పుట్టిన సంకరము, ఒక కాలు హిందీ, ఒక కాలు ఇంగ్లీషు.

ఛార్జ రను మాటయు వినోదమైనదే. అది నాడు యుద్ధపు గుఱ్ఱము. అంతకు పూర్వము పెద్ద పళ్లెము, అనగా బరువు మోయు పాత్ర. 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలులో స్నానికుడైన యోహాను తలను ఛార్జరులో పెట్టి తెచ్చిరని యున్నది. ఫోను తీగ నెఱిగిన నేటి బాలు డది చదివినచో ఏమి తలచునో!

రుసుమునకును బరువునకును గల చుట్టఱికము మనకు క్రొత్త కాదు. పన్నుల భారము, ఋణభారము అని మనమును అందుము. మోయవలసిన డబ్బు ఛార్జి. మోయవలసిన పనియు ఛార్జియే. ఆ పని భారము నాపై వేసిరని మన మనుటలేదా? నేరమునకు వచ్చుసరికి మాత్రము సంస్కృతపు భారము చాలదని నే ననుకొంటిని. కాని ఇంటిలోని తెలుగు మాటను మఱచితిని. నేరము మోపినారు, నింద మోపినారు, పన్ను మోపినారు అందుము. ఈ మోపు ఏది? గడ్డిమోపులోని మోపే. పొలమున కట్టి నెత్తి కెత్తు మోపు. గాలుల బండినుండి ఇంగ్లీషువాడు ఏ త్రోవ నడచి నేరారోపణకు చేరెనో, గడ్డిమోపునుండి తెలుగువాడును ఆ త్రోవనే నడచెను. ఇద్దఱును ఒకరి నొకరు చూడకయే. నాకీ విషయము ఒకనాటి సాయంకాలము, పొలమునుండి మోపు లెత్తుకొని వచ్చు కూలివారిని చూచుచుండగా తోచినది. ఆ రాత్రి సంతోషముచే నిద్ర పట్టలేదు.

సంస్కృతమున భృ యను ధాతువు కలదు. మోయుట, పోషించుట యని దాని యర్థము. మోయువాడు భర్త, పోషింపబడునది భార్య, జీతముపై నుండువాడు భృత్యుడు, వాని జీతము భృతి, ఒంటిపై మోయునది ఆభరణము, పోషణ భరణము. బరువు, కూలి, సేవ, పోషణ, అన్నియు ఒక్క ధాతువున. ఛార్జికిని భృ ధాతువునకును రక్తసంబంధము లేదు. నడక మాత్రము ఒకటి. రక్తసంబంధము గల ఇంగ్లీషు మాట వేఱొకటి కలదు: మోయుట, భరించుట యను నర్థముగల "బేర్". సంస్కృతమును, గ్రీకును, లాటినును ఒక్క మూలమునుండి వచ్చినవై యుండవలెనని విలియం జోన్సు 1786లో కలకత్తా సభలో చెప్పిన పిమ్మట, ఇట్టి మాటలను పండితులు కుప్పలుగా పోగుచేసినారు. భర్త యను మాటను నేటి వధువులు ఎట్లు భరింతురో నే నెఱుగను.

ఇన్‌ఛార్జి విషయమున నేను కూడ మోసపోతిని. ఒకప్పుడు ఒక ఇంగ్లీషు కథను తెనిగించుచు, ఉపాధ్యాయురాలు తన ఛార్జీలతో తోటకు పోయినదని యుండగా, రుసుములు చేత పట్టుకొని పోయినదని వ్రాసితిని. అచట ఛార్జీ లనగా ఆమె సంరక్షణలో నున్న బాలురు! ఆ తప్పును చూపినవాడు నా శిష్యుడు. వాడు నేడు మంచి యుద్యోగమున నున్నాడు. పిల్లలకు ఆమె ఇన్‌ఛార్జి, ఆమెకు పిల్లలు ఛార్జి. మోయువారికిని మోయబడువారికిని ఒకటే మాట. నేను పదవీ విరమణ చేసిన దినమున ఛార్జి అప్పగించితి నని ఒక కాగితముమీద వ్రాలు చేయించిరి. ఆ పట్టికలో బల్లలు పండ్రెండు, భూగోళపటములు మూడు, విఱిగిన హార్మోని యొకటి యుండెను. పిల్లలు లేరు.

ఇక నవ్వులాట కాని సంగతి. పోలీసువారు విచారణ ముగించి న్యాయస్థానమునకు సమర్పించు నివేదికకే లోకమున ఛార్జిషీ టని పేరు. అది పోలీసువారి మాట మాత్రమే. పెద్ద నేరములలో న్యాయమూర్తి ఆ కాగితములను చదివి, ఉభయపక్షములను విని, విచారింపదగిన ఆధారమున్నదని తోచినచో, ఏ దినమున, ఏ చోట, ఏమి చేసితివని, ఏ చట్టము ప్రకార మది నేరమని వ్రాసి నిందితునకు చదివి వినిపించును. చట్టమున ఛార్జి యనగా అది. ఆధారము లేదని తోచినచో డిశ్చార్జి చేయును, అనగా మోపును దింపును. 1973వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడులోను, దాని స్థానమున 2024 జులై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఈ భేదము నిలిచియే యున్నది. ఛార్జి వ్రాసినను నేరము రుజువైనట్లు కాదు. విచారణ అపుడే మొదలగును. మఱి మన ఊళ్లలో ఛార్జిషీటులో పేరున్నదనగానే ఆ కుఱ్ఱవానికి కుదిరిన సంబంధము తప్పిపోవును. అట్లు తప్పిపోయిన దానిని నేను చూచితిని. మఱొక చిక్కు: డిశ్చార్జి యైనను నిర్దోషి యని తీర్పు వచ్చినట్లు కాదు, పిదప క్రొత్త సాక్ష్యము దొరకినచో మఱల పిలువవచ్చును. విచారణ జరిగి నిర్దోషి యని తీర్పు వచ్చినదే గట్టిది. ఆసుపత్రినుండి డిశ్చార్జి యైనవానికి రోగమంతయు పోయిన దనుటకు వీలులేనట్లే ఇదియును.

కడపట నేల కథ. మా ఊరి రైతు లిద్దఱు, అన్నదమ్ములు, తండ్రి పోయిన పిమ్మట 1991లో ఆస్తి పంచుకొనిరి. దస్తావేజును పట్టణమున ఇంగ్లీషున వ్రాయించి రిజిస్టరు చేయించిరి. దానిలో, తల్లి జీవించి యున్నంతకాలము కొడుకు లొక్కొక్కరు ఏటేట ఆఱు బస్తాల ధాన్యమీయవలె ననియు, అది వారి భాగములలోని భూమిపై ఛార్జిగా నుండు ననియు వ్రాసియుండెను. వ్రాసినవారు చదివి వినిపించిరట. ఛార్జి యనగానే రిజిస్ట్రీ ఖర్చు లని వీరు తల యూపిరట. పండ్రెండేండ్లు గడచినవి. పెద్దవాడు తల్లిని తన యింటనే యుంచుకొని చూచుకొనుచుండెను. చిన్నవాడు పట్టణమున వ్యాపారము పెట్టి, మూడేండ్లు ధాన్యము పంపి, పిదప మానెను. తల్లి అడుగలేదు. అడుగవచ్చునని ఆమెకు తెలియదు.

2003లో పెద్దవాడు కూతురి పెండ్లికై రెండెకరములు అమ్మజూపెను. కొనువారు ఈసీ తీయించి, పంపకపు దస్తావేజు నకలు తెప్పించి, తమ వకీలునకు చూపిరి. ఆయన ఆ పంక్తి క్రింద ఎఱ్ఱగీత గీచి బేరము నిలిపివేసెను. పెద్దవాడు కాగితములు చంకనిడుకొని నా యింటికి వచ్చెను.

"పంతులుగారూ, ఈ ఛార్జి ఏమిటండీ? రిజిస్ట్రీ ఛార్జీలన్నీ ఆనాడే కట్టేశాం గదా!" అనెను.

నే నతనికి 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము నూఱవ సెక్షను తీసి చెప్పితిని. ఒకరి స్థిరాస్తిని మఱొకరికి రావలసిన ధనమునకు హామీగా కట్టుబెట్టి, అది తనఖా కానిచో, దానికి ఛార్జి యని పేరు. తనఖాలో ఆస్తియందలి హక్కు కొంత అవతలివారికి పోవును. ఛార్జిలో హక్కు పోదు, బరువు మాత్రము నేలపై కూర్చుండును. ఒప్పందముచేత రావచ్చును, చట్టముచేతను రావచ్చును. పొలమమ్మిన వాడు పూర్తి సొమ్ము ముట్టకయే రిజిస్టరు చేసినచో, మిగిలిన సొమ్ముకు ఆ పొలముపై అతనికి ఛార్జి యుండుట చట్టము పెట్టినదే. ఛార్జి యున్నదని తెలియక సొమ్మిచ్చి కొన్నవానిని అది పట్టదు. కాని రిజిస్టరైన దస్తావేజులో నున్నపుడు తెలియ దనుటకు వీలులేదు. కనుక కొన్నవాడు కూడ మీ యమ్మకు ధాన్యము కొలువవలసినవాడగును. అందుకే వకీలు ఆపినాడు.

అతడు చాలసేపు మాటలాడలేదు. పిదప, "అయితే ఇన్నేళ్లూ మా అమ్మ ఆ పొలం మీద ఉన్నదన్నమాట" అనెను. బండిమీది బరువని ఇంతసేపు నేను చెప్పిన దానికంటె ఆ మాట సూటిగా నున్నది.

కొనువారి పక్షమున ఒక విడుదల కాగితము సిద్ధము చేసి తెచ్చిరి. అదియు ఇంగ్లీషుననే. ముసలమ్మ వేలిముద్ర వేసినచో మొత్తము భూమిమీది ఛార్జి తొలగును. నేను దానిని తెనుగు చేసి ఆమెకు వినిపించితిని. ఆమె బొటనవ్రేలికి సిరా పూసియే యుండెను. నా వంక చూచి, "బాబూ, ఇది వేస్తే ఆ నేల నన్ను మొయ్యటం మానుకుంటుందా?" అని యడిగెను. మానుకొనునని చెప్పితిని. ఆమె చేయి వెనుకకు తీసికొని కొంగున తుడుచుకొన్నది.

కొడుకు కోపపడలేదు. మఱునాడు వకీలును కలిసికొని, అమ్మబోవు రెండెకరములకు మాత్రమే విడుదల వ్రాయించి, తన మిగిలిన భాగముపైనను తమ్ముని భాగముపైనను ఛార్జిని యథాతథముగా నుంచెను. ఈ మాఱు కాగితము తెలుగున వ్రాయబడినది. ఛార్జి యను చోట భారము అని వ్రాయుమని నేనే చెప్పితిని. ఆమె వేలిముద్ర వేసినది, పెండ్లి జరిగినది. పట్టణముననున్న తమ్మునికి తన భూమిపై నేమున్నదో వకీలు ద్వారా తెలిసినది. ఆ సంక్రాంతికి వాని యింటినుండి ఆఱు బస్తాల ధాన్యము ఎడ్లబండిపై వచ్చినది. ముసలమ్మ అరుగుమీద కూర్చుండి, ఒక్కొక్క బస్తాను దింపించి లెక్కపెట్టించినది.